కిస్టెన్ వేసిన ప్లేటు

చాట్స్‌వర్త్, డర్బన్
11 ఫిబ్రవరి 1996

ధనపాలన్ మామకు,

ఫోనులో అరుస్తానని, నేనరిస్తే నీ గ్యారేజీలో ఉన్నవాళ్ళంతా వింటారని, ఏమున్నా ఉత్తరం రాయమని చెప్పి పంపావు. రాస్తున్నాను. కాగితం మీద అరవడం కూడా నాకు చేతనవును.

మామా, నన్ను దోచుకున్నారు.

వచ్చి పది రోజులైంది. రంగుల ఫ్యాక్టరీలో పనికి చేరాను. అమ్మకు తెలిసిన మిసెస్ గెంగన్ ఇంటి వెనక గదిలో దిగాను. బండి విషయంలో నువ్వు చెప్పినట్టే నడుచుకున్నాను. లెనేషియా నుంచి ఇక్కడికి ఆరు వందల కిలోమీటర్లు, వెనక సీటు నిండా సామాను, పెడల్ ఎక్కడా సగం దాటి తొక్కలేదు. వాన్ రీనెన్ కనుమ దిగుతుంటే బొగ్గు లారీలు కూడా నన్ను వెక్కిరించి దాటిపోయాయి. నువ్వూ నేనూ ఆరు నెలలు చేతులు కాల్చుకుని టర్బో బిగించిన బండిని నేను పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తెచ్చాను.

దిగిన రెండో రోజు గేర్‌బాక్స్ కింద నూనె మరక కనపడింది. మా వీధి చివర ఒక గ్యారేజీ ఉంటే అక్కడ ఇచ్చాను. గేర్‌బాక్స్ దించి సీలు మార్చాలన్నాడు. అది దించితే క్లచ్ చేతికందుతుందని నీకు నేను చెప్పాలా? ఆ పూట నేను షిఫ్టులో ఉన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకో: నేను దగ్గర లేను. సాయంత్రం వెళ్తే సీలు ఖరీదు మాత్రం తీసుకుని, పని కూలి వద్దన్నాడు. "పోనీలే బాబూ, ఊరికి కొత్తగా వచ్చావు" అన్నాడు. మంచి మనిషి అనుకుని దణ్ణం కూడా పెట్టాను. తలుచుకుంటే ఆ రెండు చేతులూ నరుక్కోవాలనిపిస్తోంది.

ఇవాళ పొద్దున్న హైవే ఖాళీగా ఉంది. నాలుగో గేరులో, ఇంజను నిమిషానికి మూడు వేల చుట్ల దగ్గర, ఇక్కడికొచ్చాక మొదటిసారి పెడల్ నేలకు తొక్కాను. టర్బో ఈల వేసింది. ముల్లు ఐదు వేలకు ఎగిరింది. బండి మాత్రం ఉన్న వేగం మీదే ఉంది! ఇంజను పరిగెడుతోంది, చక్రాలు నడుస్తున్నాయి. ఆ వెంటనే మాడిన వెంట్రుకల వాసన. మళ్ళీ తొక్కాను, మళ్ళీ అదే. క్లచ్ జారుతోంది మామా.

జనవరి అంతా ఇదే ఇంజను, ఇదే క్లచ్, నువ్వు పక్క సీట్లో ఉండగా ఎన్నిసార్లు నేలకు తొక్కాం? ఒక్కసారి జారిందా? మధ్యలో ఒకే ఒక్క చెయ్యి ఆ క్లచ్‌ను తాకింది. కూలి వద్దన్న చెయ్యి. చేసిన పనికి కూలి వదులుకునేవాడు నిజాయితీపరుడైనా కావాలి, వేరేచోట రాబట్టుకున్నవాడైనా కావాలి. మా యూనియన్ పసుపుపచ్చ పుస్తకంలో ఒక మాట ఉంది: దొంగ ముందు నీ నమ్మకాన్ని ఎత్తుకుపోతాడు, వస్తువు దగ్గరికి తర్వాత వస్తాడు.

నా మంచి క్లచ్ ప్లేటు తీసి, ఎవడిదో అరిగినది వేశాడు. నాకు అనుమానం లేదు. అయినా అడుగుతున్నాను: ఫ్యాక్టరీ క్లచ్ ఎంత బలాన్ని మోస్తుంది? నాకు అంకె కావాలి. సామెతలు వద్దు.

నీ మేనల్లుడు
దేశిగన్


లెనేషియా
20 ఫిబ్రవరి

ఒరేయ్ దేశిగన్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి తిట్లతో, రెండోసారి తిట్లు తీసేసి. రెండోసారి తొందరగానే అయిపోయింది.

అంకె కావాలన్నావు. క్లచ్‌కి కిలోవాట్లు తెలియవు. దానికి తెలిసింది మెలి ఒక్కటే. తడి దుప్పటి ఇద్దరు పట్టుకుని పిండుతుంటే ఒకడి పట్టు ఎక్కడ జారుతుందో, అదీ లెక్క. మన ఇంజను ఫ్యాక్టరీలో పుట్టినప్పుడు దాని మెలి నూట ఎనభై. క్లచ్‌ని మాత్రం వాళ్ళు రెండు వందల ముప్ఫై దాకా ఆగేటట్టు చేస్తారు. ఎందుకంటే కొనేవాడు ట్రెయిలర్ తగిలిస్తాడు, కొండ ఎక్కిస్తాడు, వాడి అత్తగారిని కూర్చోబెడతాడు. పైన పావు వంతు మిగులు లేకుండా ఏ ఫ్యాక్టరీ ఇవ్వదు. టర్బో పెట్టాక, చక్రాలు తిప్పించి మెలి కొలిచే ఇక్కడి రోలర్ మిషను మీద మనకొచ్చింది రెండు వందల పదిహేను. ఆ కాగితం నీ దగ్గరే ఉంది. అంచు మీద ఉన్నాం, కానీ లోపలే ఉన్నాం.

కాబట్టి మెత్తగా నడుపు. పూర్తిగా తొక్కొద్దని నేను ముందే చెప్పాను. ఈస్టర్‌కి ఇక్కడికొస్తే చూద్దాం. ఆలోగా ఎవర్నీ దొంగ అనకు. అనడం తేలిక.

ఆ గ్యారేజీ అతని పేరు రాయలేదేం?

మామ


చాట్స్‌వర్త్
29 ఫిబ్రవరి

మామా,

రెండు వందల ముప్ఫై ఆగే క్లచ్, రెండు వందల పదిహేను ఇచ్చే ఇంజను. మరి ఎందుకు జారుతోంది? నీ అంకెలే నా పక్షాన సాక్ష్యం చెబుతున్నాయి. ఆ సాక్ష్యం జేబులో పెట్టుకుని శనివారం గ్యారేజీకి వెళ్ళాను.

టాక్సీ డ్రైవర్లు నలుగురు బన్నీ చౌ తింటున్నారు. చేతిలో కూర నింపిన సగం రొట్టె, గడ్డం నిండా అదే కూర. గ్యారేజీ ఆయన ఒక మినీబస్సు కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళతోనే మాట్లాడాల్సొచ్చింది.

"అంకుల్, నా ప్లేటు ఎక్కడ?"

"ఏ ప్లేటు బాబూ? ఇక్కడ రొట్టెలో తింటాం, ప్లేట్లు లేవు."

నలుగురూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

"క్లచ్ ప్లేటు. నాది తీసి పాతది వేశారు. జారుతోంది."

ఆయన బయటికొచ్చాడు. చేతులు తుడుచుకుంటూ నన్నూ, బండినీ చూశాడు. కోపం రాలేదు. దొంగలకి రాదు.

"నీ బండిలో ఉన్నది నీదే. దీన్ని ట్యూన్ చేసింది ఎక్కడ?"

"లెనేషియాలో."

"మరదే. ఇక్కడి గాలి వేరు బాబూ. అక్కడి లెక్క ఇక్కడ చెల్లదు. టర్బో స్ప్రింగు కొంచెం వదులు చేయించు, బలం తగ్గుతుంది. లేదా బిగువైన ప్లేటు వేయించుకో."

గాలంట మామా! క్లచ్ ఇనప డొప్పలో కూర్చుని ఉంటుంది. దానికి గాలి తగిలితే ఎంత, తగలకపోతే ఎంత? నేనదే అడిగాను. "సముద్రపు గాలికి జలుబు చేసిందా నా క్లచ్‌కి?" అన్నాను. దానికి ఒక డ్రైవరు, మనవైపు వాళ్ళని ఇక్కడ పిలిచే వెక్కిరింపు పేరుతో, "ఈ వాలీలు ఇంతే. ఎగువ నుంచి దిగుతారు, సముద్రం తడిగా ఉందని కేసు పెడతారు" అన్నాడు. ఇంకా పెద్దగా నవ్వారు. పనివాడు పనివాణ్ణి చూసి నవ్వడం చూశావా? వాళ్ళ బళ్ళు కూడా ఆ చేతుల్లోనే ఉన్నాయన్న ఆలోచన ఒక్కడికీ లేదు.

పేరు అడిగావు. మునిసామి కిస్టెన్. యాభై దాటిన మనిషి, సన్నంగా, పొడుగ్గా ఉంటాడు.

ఇంకో సంగతి. ఆ రాత్రి భోజనం దగ్గర మిసెస్ గెంగన్‌కి ఇదంతా చెప్పాను. గరిటె గాల్లో ఆగిపోయింది. "ధనపాలన్ మేనల్లుడివి, పోయి పోయి కిస్టెన్ గ్యారేజీకే వెళ్ళావా! సరిపోయింది" అంది. ఏం సరిపోయింది ఆంటీ అంటే, "చేప చల్లారుతోంది, తిను" అంది. నాలుగుసార్లు అడిగాను. ముళ్ళు జాగ్రత్త అంది తప్ప నోరు విప్పలేదు.

ఈ మనిషి నీకు తెలుసా మామా? గతంలో కూడా ఎవరికైనా ఇలాగే చేశాడా? నిజం రాయి. నేను ఊరుకునే రకం కాదని నీకు తెలుసు. మా యూనియన్ ఆఫీసులో కరపత్రాలు కొట్టే సైక్లోస్టైల్ మిషను ఉంది. నాకు స్టెన్సిల్ కొట్టడం వచ్చు.

దేశిగన్


లెనేషియా
9 మార్చి

దేశిగన్,

కిస్టెన్ నాకు తెలుసు. ఒకప్పుడు తెలుసు. ఆ విషయాలు ఉత్తరంలో రాసేవి కావు.

ఆ మనిషి జోలికి పోకు. బండి మళ్ళీ అక్కడికి తీసుకెళ్ళకు. మిసెస్ గెంగన్‌ని ఏమీ అడక్కు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. మీ అమ్మ బాగానే ఉంది.

మామ


చాట్స్‌వర్త్
21 మార్చి

మామా,

నాలుగు ముక్కల ఉత్తరం రాశావు. చాలు. ఉత్తరంలో రాయడానికి పనికిరాని విషయాలంటే ఏమిటో నాకు అర్థమైంది. నిన్ను కూడా మోసం చేశాడు. నువ్వు పెద్దమనిషివి కాబట్టి దిగమింగావు. మీ తరం అంతా దిగమింగే తరం. మేం కక్కిస్తాం.

రెండు వందల కాపీలు కొట్టాను. ఒకటి ఇందులో పెట్టాను. చదవకుండా చింపేస్తావేమోనని పైభాగం ఇక్కడ కూడా రాస్తున్నాను:

"డ్రైవర్లారా! మీరు చెమటోడుస్తున్న వేళ మీ బండిలో ఏం మారుతోందో మీకు తెలుసా? మంచి ప్లేటు బయటికి, పాత ప్లేటు లోపలికి! కూలి వద్దనే పెద్దమనిషి అసలు కూలి ఎక్కడ తీసుకుంటున్నాడు? ఎం. కిస్టెన్ గ్యారేజీని అడగండి! గాలి కబుర్లు నమ్మకండి!"

టాక్సీలు ఆగే ర్యాంకులో, మార్కెట్ గోడల మీద, గుడి ఎదుట కరెంటు స్తంభానికి, అన్నిచోట్లా నా చేత్తోనే అంటించాను. పేరు కూడా పెట్టాను, దేశిగన్ అప్పన్న అని. పేరు లేని కాగితం పిరికివాడి కాగితం.

ఫలితం చెప్పనా? టాక్సీల సంఘం వాళ్ళ పద్నాలుగు బళ్ళు ఆయన దగ్గరే రిపేరయ్యేవి. ఈ సోమవారం నుంచి ఒక్కటీ వెళ్ళడం లేదు. నవ్విన ఆ నలుగురిలో ఇద్దరు నా దగ్గరికొచ్చి, "మా క్లచ్ కూడా పోయినేడాదే పోయింది, ఇప్పుడర్థమైంది" అన్నారు. ఇదీ చైతన్యం అంటే!

నిన్న పని నుంచి వస్తూ చూశాను. షట్టరు సగానికి దించి ఉంది. ఆయన లోపల ఒక స్టూలు మీద కూర్చుని ఊరికే ఒక స్పానరు తుడుస్తున్నాడు. తుడిచి, పక్కన పెట్టి, మళ్ళీ అదే తుడిచాడు. నన్ను చూశాడు, మళ్ళీ స్పానరు అందుకున్నాడు. ఏదో ఒకటి అంటే బాగుండేది.

మిసెస్ గెంగన్ నాతో మాటలు మానేసింది. అన్నం మాత్రం పెడుతోంది, గిన్నె చప్పుడయ్యేలా.

నువ్వు సంతోషిస్తావని రాస్తున్నాను.

దేశిగన్


లెనేషియా
28 మార్చి

దేశిగన్,

ఆ కాగితాలు చింపెయ్. ఈ ఉత్తరం అందిన పూటే. ఒక్కటి కూడా గోడ మీద మిగలకూడదు.

ఎందుకని అడక్కు. నేను నీకు మేనమామని, ఇంజను పని నేర్పినవాణ్ణి. ఆ లెక్కన చెబుతున్నాను.

మామ


చాట్స్‌వర్త్
9 ఏప్రిల్

మామకు,

ఎందుకని అడక్కు అన్నావు. అడక్కుండా ఉండటం నాకెవరూ నేర్పలేదు. నువ్వసలే నేర్పలేదు. నీ ఉత్తరం వచ్చాక కాగితాలు చింపలేదు. ఇప్పుడు జరిగింది విను.

గుడ్ ఫ్రైడే నాడు పొద్దున్న కిస్టెన్ మా గేటు దగ్గరికొచ్చాడు. ఉతికిన చొక్కా, దువ్విన తల. చేతిలో నా కరపత్రం, నాలుగు మడతలు పెట్టి.

"ఇవాళ నీకు సెలవే కదా బాబూ. బండి తీసుకురా. నీ ఎదురుగా విప్పుతాను. నీకిష్టమైనవాళ్ళని పిలుచుకో."

పిలిచాను. ఇద్దరు డ్రైవర్లు, యూనియన్ నుంచి ఒకతను, పిలవకపోయినా మిసెస్ గెంగన్. ఆయన ఒక్కడే గేర్‌బాక్స్ దించాడు. ఎవర్నీ సాయం పట్టనివ్వలేదు. కింద పడుకుని ఆ బరువంతా గుండెల మీదికి తెచ్చుకుంటుంటే మిసెస్ గెంగన్ కళ్ళు మూసుకుంది. క్లచ్ బయటికి తీసి గుడ్డ మీద పెట్టాడు.

ప్లేటు మందంగానే ఉంది. పైపైన నల్లగా మాడి మెరుస్తోంది, నేను జార్చినందుకు. అంతే. నూనె చుక్క లేదు. దాన్ని నొక్కిపెట్టే ప్రెషర్ ప్లేటు అంచు మీద వరసగా మూడు ఉలి గాట్లు.

"ఈ గాట్లు ఎవరివి?" అన్నాడు కిస్టెన్.

నువ్వు బిగించే ప్రతి క్లచ్ మీదా మూడు గాట్లు పెడతావని నాకు తెలియదా? జనవరిలో ఆ ఉలి నీకు అందించింది నేనే.

"మొదటిసారి దించినప్పుడే చూశాను" అన్నాడాయన. "ధనపాలన్ చెయ్యి. అందుకే నీ దగ్గర కూలి తీసుకోలేదు."

డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. యూనియన్ అతను గొంతు సవరించుకుని తనకు వేరే పని ఉందన్నాడు. నేను మాత్రం తగ్గలేదు మామా. తగ్గి ఉంటే బాగుండేది. "మరి ఎందుకు జారుతోంది?" అని అరిచాను.

"చెప్పాను కదా. నా మాట మీద నమ్మకం లేదు. నీకు నమ్మకమున్న చోట కొలిపించుకో."

మళ్ళీ అదే ప్లేటు, అదే ప్రెషర్ ప్లేటు, నా కళ్ళముందే బిగించాడు.

శనివారం ఆయనకు తెలియని చోటికి వెళ్ళాను. హార్బర్ దగ్గర ఒక తెల్లవాడి రోలర్ ఉంది. ఐదో గేరులో కొద్దికొద్దిగా తొక్కించి కొలిచాడు. రెండు వందల ముప్ఫై దగ్గర క్లచ్ జారింది. అప్పుడు జారకుండా పట్టే రేసు వాళ్ళ రాగి బిళ్ళల ప్లేటు ఒకటి అద్దెకు వేసి మళ్ళీ కొలిచాడు. వచ్చిన కాగితం దీంతో పంపుతున్నాను. రెండు వందల నలభై ఏడు!

ముందు ఆ తెల్లవాణ్ణే అనుమానించాను. నీ మిషను అబద్ధం చెబుతోందన్నాను. వాడు పట్టించుకోకుండా, కొత్తగా షోరూము నుంచి వచ్చిన ఒక కారును ఎక్కించి చూపించాడు. పుస్తకంలో రాసిన అంకె, మిషను అంకె ఒక్కటే.

ఇప్పుడు నా ముందు రెండు కాగితాలున్నాయి. లెనేషియాలో రెండు వందల పదిహేను. ఇక్కడ రెండు వందల నలభై ఏడు. దారిలో బండి బలిసిందా? నువ్వు నాకిచ్చిన కాగితం అడుగున చిన్న అక్షరాల్లో "లెక్క సవరించలేదు" అని ఉంది. ఇక్కడివాడు అది చూసి, "ఇలా ఇమ్మని ఎవరు అడిగారు? ఎగువ వాళ్ళందరూ సముద్రమట్టానికి సవరించే ఇస్తారు" అన్నాడు.

మామా, నా అనుమానం ఇప్పుడు ఎవరి మీద ఉందో నీకు చెప్పక్కర్లేదు. గాలి సంగతి ఆయన చెప్పాడని నేను ఫిబ్రవరిలోనే రాశాను. నువ్వు చదివావు. పక్కన పెట్టావు. ఆ తర్వాత రెండు ఉత్తరాలు రాశావు. వాటిలో గాలి గురించి ఒక్క ముక్క లేదు.

నీకు తెలుసా, తెలియదా?

దేశిగన్


లెనేషియా
18 ఏప్రిల్

దేశిగన్,

తెలుసు.

ఈ ఊరు సముద్రానికి పదహారు వందల మీటర్ల ఎత్తున ఉంది. గాలి పలచన. ఇంజను గుండెల నిండా పీల్చాననుకుంటుంది, అందేది ఐదింట నాలుగు వంతులు. టర్బో కొంత పూడుస్తుంది, అంతా పూడ్చదు. ఇక్కడ అన్నీ ఆ కొరతలోనే సరిపోతాయి. అదే బండిని సముద్రం ఒడ్డుకు దించితే మొదటిసారి కడుపునిండా తిన్నట్టు లేస్తుంది. అప్పుడు ముందు చేతులెత్తేది ఫ్యాక్టరీ క్లచ్. కిస్టెన్ నీకు చెప్పింది అక్షరాలా నిజం. కాగితం మీద సముద్రమట్టం లెక్క వద్దన్నది నేనే.

ఎందుకంటే ఆ లెక్క చూస్తే నువ్వు ఎందుకు, ఏమిటి అంటావు. నాకు ఎలా తెలిసిందంటావు. అక్కడి నుంచి తీగ లాగితే డొంకంతా కదులుతుంది.

నేనూ కిస్టెనూ ఆ గ్యారేజీ కలిసే పెట్టాం. ఒకే డబ్బాలో తిన్నాం. డెబ్బై ఎనిమిదిలో నాకు ఇక్కడ పని దొరికి ఎగువకు వచ్చాను. ఒక రెండు తలుపుల బండిని ఇక్కడే ట్యూన్ చేశాను. రాక్షసిలా పోయేది. డెబ్బై తొమ్మిది ఆగస్టులో డర్బన్ రేసుకు దించాను. కిస్టెన్ కొత్త ఫ్యాక్టరీ ప్లేటు తెచ్చి తనే బిగించాడు. గీత దగ్గర జెండా ఊపారు. ఇంజను గోల పెట్టింది, పొగ లేచింది, బండి కదల్లేదు. రేసు చూసే మెట్ల స్టాండు నిండా మన జనం. పడి పడి నవ్వారు. నేను దిగి నడుచుకుంటూ వచ్చి, అందరూ వింటుండగా కిస్టెన్‌ని దొంగ అన్నాను. కొత్త ప్లేటు డబ్బు జేబులో వేసుకుని పాతది వేశాడన్నాను. అతను అప్పుడు కూడా ఎదురు తిట్టలేదు. "విప్పి చూద్దాం రా" అన్నాడు. నేను విప్పనివ్వలేదు. ఆ రాత్రే బండి ఇక్కడికి ఈడ్చుకొచ్చాను.

మూడేళ్ళ తర్వాత గని ఇంజన్లు చూసే ఒక ముసలాయన మాటల్లో ఈ గాలి సంగతి చెప్పాడు. ఇంటికొచ్చి ఆ రేసు నాటి ప్లేటు తీసి చూశాను. మాడింది తప్ప అరగలేదు. మంచిది.

ఆ రోజే కిస్టెన్‌కి రాయాల్సింది. మొదటి ఏడు సిగ్గు అడ్డొచ్చింది. రెండో ఏడు, ఇప్పుడు రాస్తే ఇన్నాళ్ళూ ఏం చేశావంటాడని. ఆ తర్వాత అలవాటైంది. నాకు తెలిసి పద్నాలుగేళ్ళు.

నువ్వు బయల్దేరే ముందురోజు టర్బో స్ప్రింగు వదులు చేద్దామని బానెట్ ఎత్తాను. నువ్వు కాఫీ పట్టుకొచ్చి ఏం చేస్తున్నావన్నావు. నూనె చూస్తున్నానన్నాను. బానెట్ దించేశాను. "మెత్తగా నడుపు" అని మాత్రం అన్నాను.

నీ ఉత్తరంలో కిస్టెన్ పేరు చదివినప్పుడు చెప్పాల్సింది. ఆ మనిషి జోలికి పోకు అని రాశాను. ఆయన్ను కాపాడుతున్నాననుకున్నాను. కాదు, నన్ను నేను దాచుకున్నాను. ఆ నాలుగు ముక్కలు నీ చేతికి ఆ సైక్లోస్టైల్ మిషను అందించాయి.

ఏమైనా తిట్టు. ఈసారి తిట్లు తీసేయకుండా చదువుతాను.

ధనపాలన్


చాట్స్‌వర్త్
4 మే

మామకు,

తిట్లు చాలా రాశాను. మూడు కాగితాలు. చింపేశాను. తిట్టే అర్హత కోసం వెతుక్కుంటే నా జేబులో కూడా లేదు. నువ్వు ఒక స్టాండు నిండా జనం ముందు అన్నావు. నేను రెండు వందల కాపీలు కొట్టాను. ఆయన విప్పి చూద్దాం రా అంటే నువ్వు వెళ్ళలేదు. నేను వెళ్ళాను, చూశాను, చూశాక కూడా అరిచాను. ఎవరి తప్పు పెద్దదో నువ్వే తేల్చు.

కాగితాలన్నీ గోకాను. బంక గట్టిది, గోడ పెచ్చులు కూడా వచ్చాయి. ఆ తర్వాత వారం రోజులు షిఫ్టుకు ముందు టాక్సీ ర్యాంకులో నిలబడి ఒక్కొక్క డ్రైవరుకూ చెప్పాను. తప్పు రాశాను, కిస్టెన్ అంకుల్ నిజం చెప్పాడు, నాకే అర్థం కాలేదు అని. కాగితం మీద నమ్మినంత తొందరగా మనిషి నోటిమాట నమ్మరు మామా. "ఆయన నీకెంత ఇచ్చాడు?" అని అడిగారు. ఒకడు, "అప్పుడు అబద్ధమా, ఇప్పుడు అబద్ధమా, అది చెప్పు ముందు" అన్నాడు. ఐదు బళ్ళు తిరిగొచ్చాయి. తొమ్మిది రాలేదు. సంఘం వాళ్ళు వేరే గ్యారేజీతో మాట్లాడేసుకున్నారట.

నిన్న నీ ఉత్తరం పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. నీ అనుమతి అడగలేదు. అడగను కూడా.

ఆయన చేతులు కడుక్కున్నాడు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. వెలుతురు కోసం షట్టరు దగ్గరికి వెళ్ళి, నిలబడే చదివాడు. రెండో కాగితం దగ్గర చాలాసేపు ఆగాడు. నేను, "అంకుల్, మా మామ..." అని ఏదో మొదలుపెట్టాను. చెయ్యెత్తి ఆపాడు. మొత్తం చదివి, ఎలా ఉన్న మడతలు అలాగే పెట్టి, నా చేతిలో పెట్టాడు.

"ఇది నీకు రాసింది బాబూ" అన్నాడు. "నాకు రాసింది కాదు."

మినీబస్సు కిందికి వెళ్ళిపోయాడు. కింద నుంచి, "పదిహేడో నంబరు స్పానరు అందుకో" అన్నాడు. అందించాను. చీకటిపడేదాకా స్పానర్లు అందిస్తూ ఉన్నాను.

నాకు ఇక ఉత్తరాలు రాయకు మామా. అడ్రసు నీకు తెలుసు. ఎవరికి రాయాలో కూడా తెలుసు.

దేశిగన్


లెనేషియా
12 మే 1996

కిస్టెన్,

డెబ్బై తొమ్మిది ఆగస్టులో నువ్వు వేసిన ప్లేటు మంచిది. కొత్తది. నువ్వు దొంగవి కాదు. ఎనభై రెండు నుంచీ ఈ సంగతి నాకు తెలుసు.

శుక్రవారం బస్సుకు వస్తున్నాను. టాక్సీల సంఘం ఆఫీసు ఎక్కడుందో మా వాణ్ణి అడిగి ముందు అక్కడికే వెళ్తాను. అప్పుడు స్టాండులో ఉన్నవాళ్ళలో బతికున్నవాళ్ళెవరో నాకంటే నీకే బాగా తెలుసు. వాళ్ళ ఇళ్ళ నంబర్లు రాసి ఉంచు. ఒక్కొక్క గడపకీ వెళ్ళి చెప్పాలి.

నీ గడపకి ఆఖర్న వస్తాను. తలుపు తీయకపోయినా సరే. బయటి నుంచే చెప్పి వెళ్తాను.

ధనపాలన్